గ్రూప్స్ చదువు ఎప్పుడు ఆపాలో ముందే రాయించుకునేది ఎట్లా?

లైఫ్ కోచింగ్ చేసేవాళ్లకు (కోచింగ్ సెంటర్లకు కాదు) ఒక ప్రశ్న. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల దిక్కు నుంచి వచ్చే పాతికేళ్లు దాటిన పిల్లల్లో చాలామందిది ఒకటే గోస: హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ ఉంచుకొని గ్రూప్స్‌కే చదవాలా, ఇంటికొచ్చి ఏదన్నా పనిలో చేరాలా?

గ్రో (GROW) అనే నాలుగు మెట్ల కోచింగ్ పద్ధతిలో లక్ష్యం, వాస్తవం, దారులు అనే మొదటి మూడు సాఫీగానే సాగుతయి. రూము, మెస్సు, టెస్ట్ సిరీస్ కలిపి నెల ఖర్చెంత, అది ఎవరి జేబులోంచి వస్తోంది, పోయిన ప్రిలిమ్స్‌లో కటాఫ్‌కు ఎన్ని మార్కుల దూరం? ఈ మూడూ కాగితం మీద పెట్టిస్తే సగం మబ్బు వీడుతుంది. చిక్కంతా నాలుగో మెట్టు, అంటే ఏం చేస్తారో తేల్చి మాటిచ్చే దగ్గరే. "ఫలానా తేదీకి ఆపేస్తా" అని రాస్తే, పరీక్ష వాయిదా పడగానే ఆ తేదీ కూడా ముందుకు జరుగుతుంది. వయసైనా ఆపుతుందా అంటే, 2024లో యూనిఫాం లేని పోస్టులకు పరిమితి 44 నుంచి 46కి పెంచిన్రు.

అందుకే తేదీ బదులు "ఇంకో రెండు ప్రిలిమ్స్, లేదా చేతిలో డబ్బు 60 వేలకు దిగడం, ఏది ముందైతే అది" అని రాయించడం మేలు. కానీ నాయిన వచ్చి "ఇంకొక్కసారి చూడు బిడ్డా" అంటే ఆ కాగితం చిత్తే! మొదటి సిట్టింగులోనే పెద్దోళ్లను కూర్చోబెడితే పిల్లలు నోరు విప్పరు, ఆఖర్న పిలిస్తే వాళ్లు ఒప్పుకోరు. మీరు ఎన్నో సిట్టింగుకు పిలుస్తున్నరు? వాళ్లతో కూడా సంతకం పెట్టిస్తున్నరా?

నిద్ర పట్టనివాళ్లను, బతుకు మీద విరక్తితో మాట్లాడేవాళ్లను టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు పంపాల్సిందే. ఆ కేసులు పక్కన పెట్టి చెప్పండి.