జ్వరం బిళ్ల వేసుకుని వచ్చినా హాజరు వేశాను. మా క్లబ్బులో ఏం మార్చాలి?

ఆరింటి బ్యాచ్:
అందరికీ నమస్కారం. మాది సభ్యులే కలిసి నడుపుకునే చిన్న ఫిట్‌నెస్ క్లబ్బు. తాళాలు, హాజరు పుస్తకం నా దగ్గరుంటాయి. అంతకుమించి నాకు హోదా ఏమీ లేదు. ఉన్నది ఒకే హాలు. ఓ పక్క మెషిన్లు, ఇంకో పక్క అద్దం ముందు ఏరోబిక్స్. రెండు స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. కిటికీలు నాలుగున్నా, పాటలు బయటికి వినపడతాయని ఎప్పుడూ మూసే ఉంచుతాం.

పోయిన నెల ఒక పోటీ పెట్టాం. ఒక్కరోజు కూడా మానకుండా 30 రోజులు వస్తే గోడ మీద బోర్డులో పేరు రాస్తామన్నాం. ఆ ఐడియా నాదే. 22వ రోజున ఒకావిడ జ్వరం బిళ్ల వేసుకుని వచ్చారు. "ఇన్నాళ్లు వచ్చి ఇప్పుడు మానేస్తే ఎలా అండీ" అన్నారు. నేను నవ్వేసి టిక్కు పెట్టాను. వారం తిరిగేసరికి మా బ్యాచ్ 14 మందిలో 8 మంది మంచమెక్కారు. వాళ్లలో ఒకరి నాన్నగారికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇప్పుడు కోలుకున్నారు. కానీ ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నా పచ్చ ఇంకు టిక్కే ముందు కంటబడుతోంది.

కమిటీ వాళ్లు వెంటనే స్ప్రే బాటిల్ కొన్నారు. దానికో తాడు, తాడుకో నూలు గుడ్డ. అందరూ అదే గుడ్డతో బెంచీలు తుడుస్తున్నారు. ఒక్క చిమ్ము, ఒక్క తుడుపు, అయిపోయింది. సాయంత్రానికి ఆ గుడ్డ దగ్గరికి వెళ్తేనే ముక్కిన వాసన. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఇంకో సంగతి, ఒంట్లో బాగోలేని మనిషిని గుమ్మం దగ్గర ఎలా ఆపాలి? అవమానించినట్టు ఉండకూడదు. రోజూ ముఖాలు చూసుకునేవాళ్లం.

వార్డు డ్యూటీ:
ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే నర్సుని. ముందు ఆ గుడ్డని తాడుతో సహా పారేయండి. చాలా స్ప్రేలలో క్వాట్స్ అనే క్రిములను చంపే రసాయనాలు ఉంటాయి. నూలు గుడ్డ వాటిని తనలోకి లాగేసుకుంటుంది, బెంచీకి అందేది కొంచెమే. పైగా ఒకరి చెమట తీసి ఇంకొకరి బెంచీకి పూస్తున్నట్టే. వాడి పారేసే వైప్స్ పెట్టండి. గుడ్డలే కావాలంటే మైక్రోఫైబర్‌వి ఓ కట్ట, వాడినవి వేయడానికి వేరే బుట్ట పెట్టండి. అవి రోజూ ఉతకాలి.

తర్వాత సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. మందు కొట్టిన చోటు ఎంతసేపు తడిగా ఉండాలో అక్కడ రాసి ఉంటుంది. కొన్నిటికి ఒక నిమిషం చాలు, కొన్నిటికి 10 నిమిషాలు కావాలి. కొట్టిన వెంటనే తుడిచేస్తే పోయేది మరకే. జిడ్డు, చెమట ఉంటే ముందు సబ్బునీళ్లతో తుడిచి తర్వాత మందు కొట్టాలి. మెషిన్ తెర మీద నేరుగా కొట్టకండి, గుడ్డకి పట్టించి తుడవండి. బాగా పనిచేయాలని బ్లీచింగ్‌ని యాసిడ్‌తోనో అమోనియా ఉన్న క్లీనర్‌తోనో కలిపేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు. విషవాయువు వస్తుంది, దయచేసి వద్దు.

వాంతులు, విరేచనాలు పాకుతున్నాయంటే లెక్క వేరు. వాటికి తరచూ కారణమయ్యే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాల్సిందే. తగ్గాక కూడా 48 గంటలు రాకూడదు.

గాలీ వెలుతురూ:
అందరూ బెంచీల మీదే పడ్డారు. మీకొచ్చింది జ్వరం, దగ్గు. అది ఎక్కువగా గాలిలోనే పాకి ఉంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదండీ, గదిలో గాలినే చల్లబరిచి మళ్లీ మీ మొహానే కొడుతుంది. మూసిన కిటికీలు, పద్నాలుగు మంది గసపోయడం, ఇంకేం కావాలి?

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా వ్యాయామం చేసేటప్పుడు అది 60 లీటర్లు దాటిపోతుంది. మ్యూనిక్ పరిశోధకులు 2022లో కొలిస్తే, వ్యాయామం తారస్థాయికి చేరినప్పుడు ఊపిరితో వచ్చే సూక్ష్మ తుంపరలు విశ్రాంతిలో కంటే సగటున 100 రెట్లకు పైగా పెరిగాయి.

2020లో దక్షిణ కొరియా చెయోనాన్ సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఫిట్‌నెస్ డ్యాన్స్ క్లాసుల నుంచి 12 కేంద్రాలకు సంబంధించి 112 మందికి కోవిడ్ అంటుకుంది. 60 చదరపు మీటర్ల గదులు, 50 నిమిషాల క్లాసు. వైరస్ సోకిన ట్రైనర్లలో ఒకరు పిలాటిస్, యోగా కూడా నేర్పారు. ఆ చిన్న క్లాసులో ఎవరికీ రాలేదు. మనిషి ఒకరే, తేడా ఎగసిపడే ఊపిరిలోనే ఉండొచ్చు.

ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ తెచ్చి చూడండి. ఆరుబయట సుమారు 420 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అనే లెక్క) చూపిస్తుంది. లోపల 800 దాటుతోందంటే బయటి గాలి చాలట్లేదనే లెక్క. ఎదురెదురు కిటికీలు రెండు తెరిచి, ఒకదానిలో ఫ్యాన్ బయటికి ఊదేలా పెట్టండి.

ఇనప బాబాయ్:
ఇరవై ఏళ్లుగా జిమ్‌లో ఉన్నాను, ఇంత హడావిడి ఎప్పుడూ చూడలేదు. జలుబు మెడ పైన ఉంటే తేలిగ్గా చేసుకోవచ్చు, ఛాతీలోకి దిగితే మానాలి. అందరికీ తెలిసిన రూలే. ప్రతి తుమ్ముకీ ఇంటికి పంపిస్తే క్లబ్బులో మీరూ, మీ హాజరు పుస్తకమే మిగులుతారు.

ఆరింటి బ్యాచ్:
బాబాయ్ గారూ, ఆ రూలు నేనూ విన్నాను. అది చేసేవాడి ఒంటికి మంచిదా కాదా అన్న లెక్క. పక్క ట్రెడ్‌మిల్ మీదున్న మనిషి సంగతి అందులో ఎక్కడుంది? మొన్నటి ఆవిడ కూడా తేలిగ్గానే చేశారు. ఆయాసపడింది ఎవరో మనిషి తండ్రి.

పాత ట్రైనర్:
స్ప్రే, ఫ్యాన్ రెండూ కావాలి. కానీ మీ అసలు రోగం ఆ బోర్డు. మానితే పేరు పోతుందన్నారు, ఆవిడ మానలేదు. ఆవిణ్ణి అనడానికేముంది?

మా దగ్గరా ఇదే బాధ. అందుకని లెక్క మార్చాం. ఒంట్లో బాగోలేదని ముందే మెసేజ్ పెట్టి మానితే ఆ రోజుకి సెలవుకి గుర్తుగా "సె" అని రాస్తాం, వరుస తెగదు. జ్వరం బిళ్ల వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్లీ రావాలి. వచ్చాక కూడా కొన్నాళ్లు మాస్కు, ఓ మూల తేలికపాటి వ్యాయామం, ఏరోబిక్స్ వద్దు. ఫ్లూ అయితే లక్షణాలకు ఒక రోజు ముందు మొదలై 5 నుంచి 7 రోజులు అంటుకుంటుంది కదా. ఈ నియమం ట్రైనర్లకీ ఉండాలి, బదులు మనిషి పేరు ముందే రాసి పెట్టుకోండి. నేనే దగ్గుతూ క్లాసు చెప్పిన రోజులున్నాయి, ఒప్పుకుంటాను.

గుమ్మం దగ్గర ఆపే పని మీ నెత్తిన వేసుకోకండి. నియమం కాగితం మీద ఉంటే "నేను కాదండీ, రూలు" అనేయొచ్చు. పక్కకి పిలిచి చెప్పండి, అద్దం ముందు మాత్రం వద్దు.

నర్సు గారు వదిలేసిన ముక్క ఒకటి: తామర, అదే చర్మం మీద వచ్చే ఫంగస్. మ్యాట్ల దగ్గర అదే ఎక్కువ. టవల్‌కి ఓ మూల, ఒక వైపే కనిపించేలా రంగు దారంతో కుట్టు వేసుకోమనండి. కుట్టున్న వైపు ఎప్పుడూ బెంచీకే, రెండోది మొహానికి. చెమటలో తిరగేసినా తెలిసిపోతుంది. మచ్చ కనిపిస్తే కప్పుకోవాలి, డాక్టరుకి చూపించాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా పూస్తే దురద తగ్గి తామర పెరుగుతుంది.

ఆరింటి బ్యాచ్:
రెండు వారాలయింది, చెప్పి పోదామని వచ్చాను. బోర్డు తీసేశాను. మేకు మాత్రం గోడలోనే ఉంది. "సె" పెట్టడం మొదలైంది, మొదటి వారమే మూడు పడ్డాయి. ఆ మూడూ పాత పద్ధతిలో టిక్కులు అయ్యుండేవి.

మీటర్ తెలిసినవాళ్ల దగ్గర తెచ్చాను. కిటికీలు మూసి ఏరోబిక్స్ పెడితే 20 నిమిషాలకే 1,900 చూపించింది. రెండు కిటికీలు, ఫ్యాన్‌తో 950కి దిగింది. మూడో కిటికీ తుప్పు పట్టి కదలట్లేదు, దాని పని చూడాలి.

అనుకున్నట్టే పాటలు బయటికి వినపడుతున్నాయని పక్కింటివాళ్లు వచ్చారు. సౌండ్ తగ్గించాం. ఇప్పుడు మా ట్రైనర్ పాటకి బదులు తనే "వన్, టూ, త్రీ" అని గొంతు చించుకుంటున్నాడు. గాలీ వెలుతురూ గారూ, అరిస్తే తుంపరలు ఇంకా ఎక్కువ కదా? కాలర్ మైకు కోసం రేపు కమిటీని అడుగుతున్నాను.