సమస్యాపూరణం: ఎండ లేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
ఈసారి సమస్య దండెం మీద బట్టల గురించి. పాదం ఇదీ.

ఎండ లేని నాడె యెండె బట్ట

ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. కొత్తవాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) నాలుగో గణం మొదటి అక్షరానికి. సూర్యగణం అంటే గలం (గురువు, లఘువు) లేదా నగణం (మూడు లఘువులు). ఇచ్చిన పాదంలో ఎ–యె యతి. పాదాంతంలో విసంధి (సంధి చేయకుండా మాటలు విడిగా ఉంచడం) వస్తే ఇక్కడ పట్టించుకోం.

ఏదో ఒక ఋతువు పద్యంలో కనిపించాలి. అంతకన్నా ముఖ్యం, "నాడె" అని నొక్కి చెప్పిన ఏకారానికి సమాధానం దొరకాలి. ఎండ లేకపోయినా ఆరింది అంటే సగమే చెప్పినట్టు. ఎండ లేని రోజునే ఎందుకు ఆరింది? అది చెప్పండి.

మొదటి పూరణ:

ఎండ చూసి వేయ నేమార్చి వానొచ్చె
మబ్బు పట్టి గాలి మళ్ళె నేడు
ఊగి యూగి తీగ నుయ్యాల లూగుచు
ఎండ లేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
భావం చాలా బాగుందండీ. ఎండను నమ్మి ఆరేస్తే వాన వచ్చి తడిపేసింది, మబ్బు పట్టిన రోజు గాలి వీచి ఆరిపోయింది, అంటే "నాడె" అన్నదానికి న్యాయం జరిగింది. విషయం కూడా నిజమే. బట్ట ఆరడమంటే దానిలోని నీరు ఆవిరై గాలిలోకి పోవడం, ఆ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఎంత ఎండ కాసినా పని నిదానంగానే సాగుతుంది. బట్టను అంటుకుని ఉన్న తేమ పొరను గాలి ఎప్పటికప్పుడు తోసేస్తుంటే మబ్బులో కూడా ఆరుతుంది. రెండు సవరణలు చూడండి. "ఊగి యూగి" అన్నాక మళ్లీ "ఊగుచు" అక్కర్లేదు. "వానొచ్చె" బదులు "జడివచ్చె" అంటే ఇంద్రగణాల్లో ఒకటైన సలగణం, సరిగ్గా సరిపోతుంది.

ఒక సభ్యురాలు:
"వానొచ్చె" ఉంటే తప్పేంటండీ? ఇంట్లో అందరం అలాగే అంటాం కదా, పద్యం కూడా అలా మాట్లాడితే నాకు ఇష్టం.

సంచాలకుడు:
తప్పని అనను. అదే పద్యంలో "వేయ నేమార్చి" అని గ్రాంథికంలోని ద్రుతం (మధ్యలో వచ్చే నకారం) పాటించి, పక్కనే "వానొచ్చె" అంటే రెండు గొంతులు వినిపిస్తున్నాయి. మొత్తం వాడుక భాషలోనే రాస్తే నాకూ అభ్యంతరం లేదు.

మొదటి పూరణ పంపినవారు:
సవరించానండీ. మొదటి పాదం "ఎండ చూసి వేయ నేమార్చి జడివచ్చె", మూడో పాదం "ఊగి యూగి తీగ యుయ్యాల యయ్యెను".

సంచాలకుడు:
ఇప్పుడు హాయిగా ఉంది.

రెండో పూరణ:

రంగు వెలిసె నెండ రాల్చిన నిప్పుకు
నీలి గౌను కాస్త నేడు తెలుపు
కొత్తదాని నీడ కొసలోన వేసితి
ఎండ లేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఎండ రాల్చిన నిప్పు" అనేది ఈ వారం నేను చదివిన మంచి మాటల్లో ఒకటి. అన్వయం దగ్గరే చిక్కు వచ్చింది. మీరు చెప్పింది నీడ, అంటే చోటు. సమస్య చెప్పేది నాడు, అంటే రోజు. నీడలో వేసినంత మాత్రాన అది ఎండ లేని రోజు అయిపోదు కదా. పై మూడు పాదాలూ ఒక దారిలో వెళ్తే నాలుగోది ఇంకో దారిలో ఉంది. మూడో పాదం ఒక్కటి మార్చండి, మిగతాది ముట్టుకోవద్దు.

రెండో పూరణ పంపినవారు:
ఇలా అయితే?

కొత్త గౌను కొరకు కోరితి మబ్బునే

సంచాలకుడు:
ఇదీ పూరణంటే! పాత గౌను వెలిసిపోయింది కాబట్టి కొత్తదాని కోసం మబ్బు కావాలని కోరుకున్నారు, మబ్బు రోజునే ఆరింది. కారణం, కోరిక, ఫలితం మూడూ వరుసగా కూర్చున్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగ్గొడతాయి, ముదురు రంగుల మీద అది ముందు తెలుస్తుంది. వేసవిలో రంగుబట్టలను తిరగేసి ఆరేయమని పెద్దవాళ్లు అనేది ఇందుకే.

మూడో పూరణ:

పూల పుప్పొడి మోసి పొద్దున్నె గాలి రా
తెల్ల చొక్క మీద తేలె పసుపు
వాన కడిగి పొడిని వదిలించి పోయిన
ఎండ లేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
వసంతం ఎవరూ ముట్టుకోరేమో అనుకున్నాను, చాలా సంతోషం. మొదటి పాదం ఒకసారి విడదీసి చూడండి. "పూల" గలం, బాగుంది. "పుప్పొడి" దగ్గర గురువు, లఘువు, లఘువు వచ్చాయి, అది భగణం. అక్కడ సూర్యగణమే ఉండాలి. "పూల పొడిని మోసి" అంటే గలం, నగణం, మళ్లీ గలం, సరిపోతుంది. పైగా మూడో పాదంలో "పొడిని" అన్నారు కాబట్టి రెండూ కలుస్తాయి. పూ–పొ యతి అలాగే నిలుస్తుంది.

ఇంకో సభ్యుడు:
పుప్పొడి పడని వాళ్లు ఆ రోజుల్లో బట్టలు బయట ఆరేయొద్దని డాక్టర్లు చెబుతారు. మా ఇంట్లో ఒకరికి తుమ్ములు మొదలైతే ఆగవు, దుప్పటి బయట ఆరేసిన రాత్రి మరీ ఎక్కువ. వాన పొడిని కిందికి దించేశాక ఆరేయడం అనేది నాకు పద్యంలాగే కాదు, సలహాలాగా కూడా పనికొచ్చింది.

నాలుగో పూరణ:

చలికి బిగిసె చొక్క చట్టమై నిలిచెను
నీరు మంచు పొరయె నిప్పు లేక
కరగకుండ నెగిరి గాలిలో కలసెను
ఎండ లేని నాడె యెండె బట్ట

ఒక సభ్యురాలు:
పద్యం బాగుంది కానీ అర్థం కాలేదండీ. నీరు గడ్డకట్టాక ఇంకా ఆరడమేమిటి? ముందు కరగాలి కదా?

నాలుగో పూరణ పంపినవారు:
కరగక్కర్లేదండీ. 0 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఎక్కువున్నప్పుడు తడిబట్ట దండెం మీదే బిర్రబిగుసుకుపోతుంది, చేతులు చాపుకుని నిలబడిన చొక్కాలు కనిపిస్తాయి. గాలి పొడిగా ఉంటే ఆ మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరై పోతుంది. దీన్ని ఉత్పతనం అంటారు. టైమ్ బాగా పడుతుంది, ఒక్కోసారి సాయంత్రానికి కూడా కాస్త చెమ్మ మిగులుతుంది, అయినా ఆరుతుంది. బిగుసుకున్న బట్టను మాత్రం మడవకూడదు, పోగులు దెబ్బతింటాయి.

సంచాలకుడు:
"కరగకుండ నెగిరి" అని మూడు గణాల్లో ఒక భౌతికశాస్త్ర పాఠాన్ని పెట్టారు, అదీ బరువు తెలియకుండా. క–గా యతి కూడా చక్కగా పడింది. నాకు నచ్చిన ఇంకో సంగతి, ఎండ కాసి ఉంటే ఆ మంచు కరిగి బట్ట మళ్లీ నీళ్లోడేది, కాబట్టి "నాడె" కూడా నిలబడింది.

అయిదో పూరణ:

రంగు తీయు నేది? రాజైన నెప్పుడు
తలను వంచు? చెరువు తరిగి తరిగి
ఏమి యయ్యె? తీగ నేమూగు చుండును?
ఎండ లేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
క్రమాలంకారం! నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు వరుసలో: ఎండ, లేని నాడె, యెండె, బట్ట. ఎవరైనా ఇలా విరుస్తారేమోనని ఎదురుచూస్తున్నాను. అవధానాల్లో సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు ఇలాంటి విరుపుకే ఎక్కువ ఆనందపడతాడు. ఋతువు మాత్రం చెరువు దగ్గర లీలగా కనిపించి పోయింది, దండెం చివరి ప్రశ్నలో వచ్చింది. నేర్పుకు పూర్తి మార్కులు, విషయానికి కొంచెం తక్కువ.

ఆరో పూరణ:

దండె మింట గట్టి దగ్గర పంకాను
పెట్టి తిప్పి నంత బిరుసు జీన్సు
ముసురు వీడ కున్న మూడవ పూటకే
ఎండలేని నాడె యెండె బట్ట

సంచాలకుడు:
ఇక్కడ "ఎండలేని" ఒకే మాట, ఎండడానికి వీల్లేని అని. విరుపు కొత్తగా ఉంది. అయితే జీన్సు రెండో పాదం చివర ఉండి, "ఎండలేని" నాలుగో పాదంలో ఉండటంతో దూరాన్వయం అయింది, రెండుసార్లు చదివితే గానీ దొరకలేదు.

ఏడో పూరణ:

చంటి పిల్ల గుడ్డ చలిలోన తడిలోన
అమ్మ యొడిని దాచె నారు దాక
ఒంటి వేడి తోనె యొక్కొక్క పోగుగా
ఎండ లేని నాడె యెండె బట్ట

ఇంకో సభ్యుడు:
కళ్లు చెమర్చాయి. కానీ నియమం ప్రకారం అడుగుతున్నాను, "నాడె" కుదిరిందా? ఎండ ఉన్న రోజు కూడా ఆ గుడ్డ ఆరేదే కదా.

సంచాలకుడు:
న్యాయమైన ప్రశ్న. కుదరలేదు. ఇక్కడ "నాడె" అంటే "ఆ రోజు కూడా" అని సర్దుకోవాల్సి వస్తోంది. అయినా ఈ వారం నేను ముందు పెట్టేది ఈ పద్యాన్నే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి మామూలు వాతావరణంలో దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి, నూరు గ్రాముల తడి ఉన్న గుడ్డకు ఎంతో లెక్కేసుకోండి. అదంతా ఒక మనిషి ఒంట్లోంచి రావాలి, ఆ మనిషికి చలి ఇంకా పెరుగుతుంది. "ఒక్కొక్క పోగుగా" అన్న మాటలో ఆ నిదానం మొత్తం ఉంది. "ఒంటి–యొక్కొక్క" యతి కోసం వెతికి తెచ్చినట్టు లేదు, తనంతట తనే వచ్చినట్టు ఉంది. నియమం నేనే పెట్టాను కాబట్టి తప్పు తప్పే, పంపినవారు మూడో పాదంతో ఇంకొంచెం కుస్తీ పట్టి ఏకారాన్ని కూడా నిలబెట్టగలిగితే మళ్లీ పంపండి, తప్పకుండా చదువుతాను.

శరత్తు, హేమంతం ఎవరూ రాయలేదు. హేమంతంలో సాయంత్రం తీయడం మరిచిన బట్ట మంచుకు మళ్లీ తడిసిపోతుంది, అందులో మంచి పద్యమే ఉంది. అందుకే వచ్చేవారం సమస్య దానికి దగ్గరగా ఇస్తున్నాను, ఈసారి తేటగీతి.

తడిసి యున్నట్టి బట్టయే పొడిగ నుండె

ఇందులో ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం, తడి–పొడి. మిగతా పాదాల్లో మామూలు యతి వేసినా సరే, ప్రాసయతి వేసినా సరే. ఒక్కొక్కరు రెండు పూరణల వరకు పంపవచ్చు.