"లెక్కలు రావు" అనడమా, "ఇంకా రాలేదు" అనడమా?

అమలాపురం నుంచి:
మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెడితే పిల్లాణ్ణి పక్కనే నిలబెట్టుకుని తల్లిదండ్రులు చెప్పే మొదటి మాట "వీడికి లెక్కలు రావండి". "ఇంకా రాలేదండి" అనేవాళ్లు అరుదు. ఈ రెండింటికీ తేడా మర్యాదలోనేనా, వ్యాకరణంలోనూ ఉందా?

పాలకొల్లు నుంచి:
వ్యాకరణంలోనే ఉందండి. "రాలేదు" ఇప్పటిదాకా జరిగిన సంగతి చెబుతుంది, రేపటి జోలికి పోదు. "రావు"కి ఆ హద్దు లేదు. "ఆ కొబ్బరిచెట్టు కాయదు" అంటాం కదా, నిరుడూ కాయలేదు, వచ్చే ఏడూ కాయదు అని. అలాంటి తీర్పు ఇది. పిల్లాడికి వ్యాకరణం రాకపోయినా ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మెచ్చుకోలులోనూ ఇదే చిక్కు. క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు 1998లో అచ్చయ్యాయి. పజిళ్లు చేయించి కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చి, సరిగ్గా చేయలేదని చెప్పారు. తెలివికి పొగడ్త అందుకున్న పిల్లల్లోనే పట్టుదల ఎక్కువ సడలింది.

నరసాపురం నుంచి:
ఆడపిల్లలకి ఇంకో తంటా ఉంది. అబ్బాయి "చెయ్యలేడు" అంటే చేతకాదని, "చెయ్యలేదు" అంటే చెయ్యకుండా వదిలేశాడని. రెండు అర్థాలకీ రెండు మాటలు. అదే "మా అమ్మాయి చెయ్యలేదండి" అంటే? హోంవర్కు వదిలేసిందా, అసలు చేతకాదా? రెండింటికీ ఒకటే రూపం. నలుగురిలో అన్నప్పుడు పక్కనున్న పిల్ల ఏ అర్థం తీసుకుంటుందో ఎవరు చూడొచ్చారు! నేనైతే "నిన్న చెయ్యలేదు" అని రోజు తగిలిస్తాను.

రాజోలు నుంచి:
ఆయ్, అంతా బానే ఉంది గానీ "ఇంకా"ని మరీ నెత్తిన పెట్టుకోకండి. "ఇంకా రాలేదా?" అని సాగదీసి అడిగితే అది తిట్టే. "ఇంకా లేవలేదా, ఇంకా తెమల్లేదా" పొద్దున్నే ఏ ఇంట్లో వినపడదు? (మా ఇంట్లో అయితే వీధి చివరిదాకా వినపడుతుంది.)

మా ఊళ్లో కాలవలో ఈత నేర్పే తాతగారి పద్ధతి వేరు. రెండు ఎండు కొబ్బరికాయలు జతకట్టి, వాటి ఆసరాతో పిల్లాణ్ణి నీళ్లలోకి దింపుతాడు. సాయంత్రం ఎవరైనా "మనవడికి ఈత వచ్చిందా?" అంటే, "ఇవాళ రేవు మెట్టు వదిలాడు" అంటాడు. ఇంకో రోజు "తల ముంచాడు, నీళ్లు మింగాడు, మళ్లీ ముంచాడు" అంటాడు. వచ్చిందనీ అనడు, రాలేదనీ అనడు.

అమలాపురం నుంచి:
తాతగారి పద్ధతి నాకు పనికొస్తుందండి. మీటింగులో "వచ్చా, రావా" అనకుండా "ఎంతదాకా వచ్చాయి?" అని అడుగుతాను. "ఏడో ఎక్కం దాకా" అనైనా చెబుతారు. మరి నరసాపురం వారి "చెయ్యలేదు"కి విరుగుడు? ప్రతిసారీ రోజు తగిలించడం కుదరదు కదా.

పాలకొల్లు నుంచి:
"చెయ్యలేకపోతోంది" ఉంది కదండీ. ఇప్పుడు అవస్థ పడుతోందనే అర్థమే గానీ ఎప్పటికీ చేతకాదని కాదు, వదిలేసిందనీ కాదు. అది నోరు తిరగదనుకుంటే, మా ఇంట్లో "దానికి భాగాహారాలు ఇప్పుడు కుదరట్లేదు" అంటాం. అలా అంటే "ఎక్కడ కుదరట్లేదే?" అని వాళ్ల నాన్న పుస్తకం లాక్కుని కూర్చుంటారు. "రావు" అన్న రోజున ఆయన పేపరు మీంచి తల కూడా ఎత్తరు.