బెంగళూరులో పాత ఫ్లై రీళ్లు: కొనడం, బాగుచేయించడం, నీటి దగ్గర వాడడం

వైట్‌ఫీల్డ్_కొత్తవాడు:

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరు చుట్టుపక్కల అనుమతి ఉన్న ప్రైవేటు చెరువుల్లో 5వ నంబరు (లైను బరువును చెప్పే అంకె) రాడ్డుతో ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలూ దారాలతో కట్టిన తేలికపాటి కృత్రిమ పురుగును (ఫ్లై) విసిరి చేప పట్టడం, చేస్తుంటాను. పడేది ఎక్కువగా జిలేబి చేప, అప్పుడప్పుడూ కొరమీను. ఇప్పుడున్న కొత్త రీలుతో ఇబ్బందేమీ లేదు గాని, టకటకమని శబ్దం చేసే పాత రీలు ఒకటి కొని, దాన్ని అద్దాల బీరువాలో దాచకుండా నీటి దగ్గరే వాడుకోవాలని కోరిక. అవెన్యూ రోడ్డు వైపు పాత సామాన్లు అమ్మే వ్యాపారి దగ్గర 3⅜ అంగుళాల హార్డీ పర్ఫెక్ట్ ఒకటి చూశాను. సీసం రంగు పూత అంచుల్లో అరిగి లోహం బయటపడింది, పిడి పాలిపోయిన దంతం రంగులో ఉంది, దారం లాగే వైపు తిప్పితే గట్టిగానూ, చుట్టే వైపు తిప్పితే మెత్తగానూ శబ్దం వస్తోంది. వందేళ్ల నాటిదంటూ ఆయన ధర కూడా అందుకు తగ్గట్టే చెబుతున్నాడు. విదేశీ వేలం సైటులో ఫ్లూగర్ మెడలిస్ట్ 1494 అంతకంటే చాలా తక్కువకు కనిపిస్తోంది. నావంటివాడు దేనివైపు మొగ్గాలో, కొనే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జయనగర్_వాసి:

ముందుగా ఆ శబ్దం సంగతి చెబుతాను. ఒక వైపు గట్టిగా, మరో వైపు మెత్తగా రావడం లోపం కాదు. చేప లాగేటప్పుడు రీలు అదుపు తప్పి తిరగకుండా ఎక్కువ బిగువు, మనం చుట్టేటప్పుడు తక్కువ బిగువు ఉండేలా దాన్ని కావాలనే అలా చేశారు. రెండు వైపులా ఒకేలా, సన్నగా, పొడిగా వినిపించే పర్ఫెక్ట్ అయితేనే నేను అనుమానిస్తాను. లోపలి స్ప్రింగు మారి ఉండవచ్చు.

ఇక వయసు. హార్డీ సోదరులు ఇంగ్లండులోని ఆనిక్ పట్టణంలో 1872లో దుకాణం పెట్టారు. పర్ఫెక్ట్ 1891 నుంచి అమ్మకానికి వచ్చింది. తిరిగే భాగాన్ని చిన్న లోహపు గుండ్ల (బాల్ బేరింగుల) మీద నడిపించడమే దాని ప్రత్యేకత. అయితే ఆ రీలు తర్వాత అనేక దశాబ్దాలపాటు, మధ్యలో విరామాలున్నా, తయారవుతూనే వచ్చింది గనుక పర్ఫెక్ట్ అన్న పేరు చూసి వందేళ్లనడం కుదరదు. వయసు తెలియాలంటే లోపల క్లిక్ శబ్దం చేసే అమరికను చూడాలి. సేకరణదారులు దాన్ని 1896, 1905, 1912, 1917 నమూనాలుగా విడదీసి చెప్పుకుంటారు. తొలి రీళ్లు పూర్తిగా ఇత్తడివి; ఆ తర్వాత ముందు పలక మాత్రమే ఇత్తడిగా, మిగిలినది అల్యూమినియం మిశ్రమంగా వచ్చినవి; ఆపైన మొత్తం మిశ్రమ లోహానివి. లోపల ‘డూప్లికేటెడ్ మార్క్ 2’ అన్న ముద్ర కనిపిస్తే అది 1917 తర్వాతి అమరిక. వ్యాపారి రీలును విప్పి చూపించడానికి ఒప్పుకోకపోతే, ఆయన చెప్పే వయసును లెక్కలోకి తీసుకోకుండా బేరమాడండి.

విప్పించేటప్పుడు కింద తెల్లటి గుడ్డ పరచమని చెప్పండి. గుండ్లు వదులుగా ఉండే పాత నమూనాల్లో అవి బల్ల మీదికి దొర్లితే మళ్లీ అన్నీ దొరకడం కష్టం.

అన్నిటికంటే ముఖ్యంగా నేను చూసేది పాదం, అంటే రాడ్డుకు బిగించే అడుగు పలక. పూర్వపు యజమాని తన రాడ్డులో ఇమడడం కోసం దాని రెండు కొనలను ఆకురాయితో అరగదీసి ఉంటాడు. మనకు దొరికే పాత రీళ్లలో ఇది మామూలే. వాడకానికి అడ్డు రాదు గాని విలువ మాత్రం బాగా పడిపోతుంది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, ఫొటోల్లో కూడా ఆ వైపు చూపించడు. పాదం కొనలు రెండూ ఒకే మందంలో, ఒకే గుండ్రంలో ఉన్నాయో లేదో గోరు పెట్టి చూడండి. ఆ తర్వాత స్పూలు, అంటే లైను చుట్టుకునే తిరుగుడు భాగం, రీలు చట్రంతో పుట్టినదేనా, లేక మరో రీలుది తెచ్చి అతికారా అన్నది చూడాలి. పాత హార్డీలు పనివాళ్లు ఒక్కొక్కటిగా చేత్తో సరిచేసి అమర్చినవి. పరాయి స్పూలు పెడితే అంచు ఒక చోట చట్రానికి రాసుకుంటుంది, మరో చోట వెలితిగా ఉంటుంది. స్పూలును నిదానంగా తిప్పుతూ ఆ వెలితిలోంచి వెలుతురు చూస్తే తెలిసిపోతుంది.

అడయారు_గాలం:

జయనగర్ వారు చెప్పినదంతా సరైనదే. చెన్నై నుంచి ఒక మాట కలుపుతాను. మీరు బెంగళూరులో ఉండడం ఈ వ్యవహారంలో పెద్ద వరం. ఇక్కడ సముద్రం గాలికి ఇంట్లో ఉన్న రీలు కూడా పాడవుతుంది. అల్యూమినియం చట్రం, ఇత్తడి పాదం, ఉక్కు మరలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే ముందుగా తినేది అల్యూమినియమే. మర చుట్టూ తెల్లటి పొడి తేలుతుంది, దాని కింద గుంట పడుతుంది. పాదం కింద ఆ పొడి కనిపించిన రీలును నేను కొనను, ధర ఎంత తగ్గించినా సరే.

ఇంకో సంగతి, పాత తోలు పెట్టెతో సహా దొరికిందని మురిసిపోయి రీలును అందులోనే ఉంచుతారు. లోపలి మెత్తటి గుడ్డ ఈశాన్య రుతుపవనాల కాలంలో తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టేది అక్కడే. పెట్టెను వేరుగా, రీలును సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో వేరుగా దాచుకోండి.

ముట్టుకాడు కాలువలో పండుగప్ప కోసం పాత రీలు తీసుకెళ్లే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. అక్కడికి తేమ చొరకుండా మూసి ఉండే కొత్త రీలే తగినది. మంచినీటి చెరువుకైతే మీరన్న మెడలిస్ట్ నిశ్చింతగా కొనవచ్చు. ఇది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం అక్రాన్ పట్టణంలో దశాబ్దాలపాటు పెద్ద సంఖ్యలో తయారైంది కనుక విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. 1492 చిన్నది, 1498 పెద్దది, మీ 5వ నంబరు లైనుకు 1494 సరిపోతుంది. బిగువు పెంచుకునే చిన్న మీట ఉంటుంది గాని దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, అది లోహం మీద లోహం రాసుకునే పద్ధతి.

పీన్యా_లేతు:

నేను సేకరణదారుణ్ణి కాను, మరమ్మతుల వాణ్ణి. పాత రీలు తెచ్చేవారిలో ఎక్కువ మందికి అరిగేది పాల్ అనే చిన్న ముక్క ఒక్కటే. పళ్ల చక్రంలోకి దిగి టక్‌మని శబ్దం చేసేది అదే. భూతద్దంలో చూస్తే దాని మొన ఒక పక్క నున్నగా గుండ్రబడి, రెండో పక్క కొత్తదానిలా పదునుగా ఉంటుంది, ఎందుకంటే రీలు అన్నేళ్లూ ఒకే చేతివాటంగా వాడబడింది. చాలా రీళ్లలో పాల్‌ను తిరగేసి పెడితే పదునైన పక్క పనిలోకి వస్తుంది, కానీ అప్పుడు చుట్టే చేయి కూడా మారుతుంది. అలా కుదరకపోతే కొత్తది చేయిస్తాం. ఇక్కడే ఒక షరతు పెడతాను: పాల్‌ను పళ్ల చక్రం కంటే గట్టి లోహంతో చేయించకండి. అరిగితే చిన్న ముక్క అరగాలి గాని, దొరకని చక్రం అరగకూడదు.

ఆ రీళ్ల మరలు పాత బ్రిటిష్ కొలతలవి. మెట్రిక్ మర చూడడానికి సరిపోయినట్టే ఉండి రెండు చుట్లు దిగుతుంది, మూడో చుట్టులో లోపలి గాడిని తినేస్తుంది. మరలు విప్పే ముందు మీ స్క్రూడ్రైవర్ మొనను మర గాడికి సరిగ్గా పట్టేలా సానపట్టించండి. మొన జారి పడిన గీతలు ఎన్నాళ్లకూ పోవు.

శుభ్రం చేయడానికి కిరోసిన్‌లో తడిపిన మెత్తటి బ్రష్షు, తర్వాత కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. పూజ సామాను తోమే పొడి, చింతపండు, బఫింగ్ చక్రం మూడూ దూరంగా ఉంచండి. తళతళలాడించిన హార్డీకి వేలంలో దిక్కుండదు.

కూనూరు_ట్రౌట్:

నేను వాడకం గురించి రాస్తాను, ఎందుకంటే పాత రీళ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం వాటిని ఏ పనికి చేశారో తెలియకనే వస్తాయి. ఆ కాలపు లైను పట్టుది, ఇప్పటి ప్లాస్టిక్ పూత లైను కంటే సన్నం. అందుచేత పాత పట్టికలో ఒక రీలుకు ఇంత లైను, ఇంత బ్యాకింగ్ (లైను కింద అదనంగా చుట్టే సన్నటి దారం) పడుతుందని రాసినది ఇప్పటి లైనుకు వర్తించదు. చెరువు జిలేబికి ఎలాగూ బ్యాకింగ్ దాకా పోదు గనుక బాధ లేదు. పెద్ద బొచ్చె తగిలితే మాత్రం మీకు తెలిసి వస్తుంది.

రెండోది బ్రేకు. ఆ టకటకల పని చేపను ఆపడం కాదు, స్పూలు ఎగిరిపోయి లైను చిక్కుపడకుండా చూడడం. చేపను ఆపేది అరచేయి. పర్ఫెక్ట్‌లో ముందు పలకే తిరుగుతుంది కాబట్టి దాని మీద అరచేయి ఆనించవచ్చు. చట్రం చుట్టూ కడ్డీలుండి స్పూలు లోపల దాగి ఉండే మెడలిస్ట్ వంటివాటిలో ఆ వీలు తక్కువ, లైనునే వేలితో నొక్కి పట్టాలి. కొరమీను మొదటి విసురుకు గడ్డిలోకి దూరుతుంది గనుక మీరు వేలితో పట్టడం నేర్చుకోక తప్పదు, రీలు ఏదైనా సరే.

మా నీలగిరి సెలయేళ్లలో ట్రౌట్ ఉన్నవంటే బ్రిటిష్ వారు తెచ్చి అవలాంచి పెంపక కేంద్రంలో పిల్లల్ని పెంచి వదలడం వల్లనే. అలాంటి చిన్న నీటికి చేసిన రీళ్లివి. కబినిలో 1946లో పట్టిన 120 పౌండ్ల మహసీర్ (పెద్ద నది చేప) కథ వినిపించి, దానికి తగ్గ రీలంటూ ఎవరైనా పెద్ద రీలు అంటగట్టబోతే నమ్మకండి. కావేరి మూపురపు మహసీర్‌ను 2018లో తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు, అభయారణ్యంలోని నదిలో గాలం వేయడానికి వీల్లేదు. మీ పాత రీలుకు ఆ పని పెట్టవద్దు.

జయనగర్_వాసి:

ఒక విషయం మరిచాను, పిడి. హార్డీ రీళ్ల పాలిపోయిన పిడి సాధారణంగా ఐవొరీన్ అనే కృత్రిమ పదార్థం. తొలికాలపు ఇత్తడి రీళ్లలో కొన్నింటికి మాత్రం నిజమైన ఏనుగు దంతం ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం అమ్మడం, కొనడం నేరం. పాతదన్న సాకు పనికిరాదు, విదేశం నుంచి తెప్పించడం ఇంకా చిక్కు. పిడి కొనను పెద్దది చేసి చూడండి. దంతమైతే ఒకదానినొకటి దాటుతూ పోయే సన్నటి వంపు గీతల అల్లిక కనిపిస్తుంది, కృత్రిమమైతే ఏమీ ఉండదు లేదా సమాంతర గీతలుంటాయి. వేడి సూది గుచ్చి చూడడం కొందరికి అలవాటు. ఐవొరీన్ సెల్యులాయిడ్ జాతిది, ఇట్టే అంటుకుంటుంది. ఆ పని చేయకండి.

అడయారు_గాలం గారితో ఒకచోట విభేదిస్తాను. పాదం కింద తెల్లపొడి ఉన్నంత మాత్రాన రీలును వదిలేయాల్సిన పనిలేదు. మర చుట్టూ ఉంటే సరిచేయవచ్చు, గుండ్లు తిరిగే చోట ఉంటేనే వద్దనాలి.

అడయారు_గాలం:

బెంగళూరులో కూర్చుంటే అలాగే అనిపిస్తుంది లెండి. పొడి కనిపించే చోటు ఒకటి, తినే చోటు మరొకటి. అయినా విప్పి చూసి కొనేవారికి మీ మాటే సరైనది. ఫొటో చూసి కొనేవారికి నాది.

వైట్‌ఫీల్డ్_కొత్తవాడు:

మీరందరూ చెప్పినవి పట్టుకుని మళ్లీ వెళ్లాను. వ్యాపారి మర్యాదగా విప్పి చూపించారు. లోపల ‘డూప్లికేటెడ్ మార్క్ 2’ ముద్ర ఉంది, పాదం ఒక కొన అరగదీసి ఉంది, పిడి కొనలో అల్లిక గీతలు లేవు, స్పూలు అంచు చుట్టూ వెలుతురు సమానంగానే వస్తోంది. వాడుకోవడానికి మంచిదే గాని వందేళ్ల ధర ఇవ్వలేనన్నాను, ఆయన తగ్గలేదు. అదే దుకాణంలో మూల పెట్టెలో రెడిచ్‌లోని జె. డబ్ల్యూ. యంగ్ వారి బ్యూడెక్స్ ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. పాదం అరగలేదు, పాల్ రెండు పక్కలూ పదునుగా ఉన్నాయి. దాన్ని కొన్నాను. ఇప్పుడు సందేహం ఒక్కటే: 5వ నంబరు లైను కింద ఎంత బ్యాకింగ్ చుట్టాలో ఎలా తెలుస్తుంది?

పీన్యా_లేతు:

మంచి బేరం. యంగ్ వారు ఇతర కంపెనీల పేర్ల మీద కూడా రీళ్లు చేసి ఇచ్చేవారు, కనుక పేరు లేని పాత ఇంగ్లీషు రీలు కనిపించినా విప్పి చూడడం మానకండి.

కూనూరు_ట్రౌట్:

బ్యాకింగ్‌కు పట్టికలు వద్దు. ఖాళీ స్పూలు మీద ముందు లైనునే చుట్టండి, ఫ్లై కట్టే కొస అడుగున ఉండేలా. దాని మీద 20 పౌండ్ల బలమున్న డాక్రాన్ (అల్లిన కృత్రిమ దారం) బ్యాకింగ్ ముడి వేసి, అంచుకు చిటికెన వేలు మందం మిగిలేదాకా చుట్టి తెంపండి. తర్వాత మొత్తం విప్పి, తిరగేసి, బ్యాకింగ్ అడుగున వచ్చేలా చుట్టుకోండి. ఇంటి వరండా పొడవు చాలకపోతే పార్కులో రెండు చెట్ల మధ్య పరుచుకోవచ్చు. అంచు దాకా నింపితే తడిసిన లైను వదులుగా చుట్టుకున్న రోజున కడ్డీలకు రాసుకుని పూత పోతుంది, అందుకే ఆ వేలు మందం వదలమన్నది.