యూరప్ ఫుట్‌బాల్‌లో గోల్స్ కొట్టడంలో అసలైన మొనగాడు ఎవరు? మా పిల్లలకు ఎవరి ఆట చూపించాలి?

హన్మకొండ కోచ్:

అందరికీ నమస్తే. హన్మకొండలో సాయంత్రాలు స్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను, పన్నెండు నుంచి పదిహేనేళ్ల లోపు వాళ్లు. అందరికీ స్ట్రైకరే కావాలి, డిఫెన్స్‌లో ఆడరా అంటే మొహం మాడ్చుకుంటారు. సరే, ఆ వయసులో గోల్ కొట్టాలని ఉండటం తప్పేమీ కాదు. కానీ వీళ్లు చూసేదంతా ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియోలు. అందులో బంతి వలలో పడటమే కనిపిస్తుంది గానీ అంతకుముందు ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎటు నుంచి ఉరికొచ్చాడు, డిఫెండర్‌ను ఎట్లా వదిలించుకున్నాడు అన్నది ఉండదు. దాంతో గ్రౌండ్‌లోకి దిగగానే బంతి ఎటు పోతే అటు గుంపుగా పరిగెడతారు. మొన్న ఇద్దరైతే నార్వే స్ట్రైకర్ హాలండ్ గొప్పా, పోలండ్ స్ట్రైకర్ లెవండోవ్‌స్కీ గొప్పా అని కొట్టుకునేదాకా పోయారు.

మెస్సీని, రొనాల్డోను పక్కన పెడదాం. వాళ్ల గురించి మొదలుపెడితే తెల్లారినా తెగదు, పైగా ఇద్దరూ చాలాకాలం పక్కల నుంచి లోపలికి వచ్చి ఆడినవాళ్లు. తొమ్మిదో నంబర్ జెర్సీ వేసుకుని గోల్ ముందు గీసిన బాక్స్‌లో గోల్స్ కొట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్లలో మీ లెక్కలో ఎవరు ముందు? ఎందుకు? ఇక నాకు అసలు కావాల్సింది రెండో ప్రశ్న. పిల్లలను కూర్చోబెట్టి ఎవరి ఆట చూపిస్తే పనికొస్తుంది? ఊరికే పేరు రాసి వదిలేయకండి, ఏం చూడాలో కూడా చెప్పండి.

కాజీపేట పాత ప్లేయర్:

తమ్మీ, నన్నడిగితే గెర్డ్ ముల్లర్. జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో 427 మ్యాచ్‌లకు 365 గోల్స్. పశ్చిమ జర్మనీకి 62 మ్యాచ్‌లు ఆడి 68 గోల్స్ కొట్టాడు, అంటే ఆడిన మ్యాచ్‌ల కన్నా కొట్టిన గోల్సే ఎక్కువ. 1970 ప్రపంచకప్ ఒక్కదాంట్లోనే 10. మనిషిని చూస్తే పొట్టి, తొడలు మాత్రం ఇంతింత లావు. ఆ కట్టువల్లే చారెడు జాగాలో గిర్రున తిరిగేవాడు, తనకన్నా పొడుగైన డిఫెండర్ తిరిగేలోపు బంతి వెళ్లిపోయేది.

పిల్లలకు 1974 ఫైనల్ గోల్ చూపించు. మ్యూనిక్‌లో నెదర్లాండ్స్ మీద స్కోరు 1-1, ఫస్ట్ హాఫ్ అయిపోవస్తోంది. కుడి పక్క నుంచి బోన్‌హాఫ్ బంతిని లోపలికి పంపాడు. ముల్లర్ ముందుకు ఉరికాడు గానీ బంతి అతని వెనక పడింది, టచ్ తీసుకోబోతే కాలికి తగిలి ఇంకాస్త వెనక్కి పోయింది. వేరేవాడైతే ఆ ఛాన్స్ పోయినట్టే. ఇతను ఆగలేదు, వెనక్కి జరిగి, తిరుగుతూ తిరుగుతూనే నేలబారుగా కొట్టాడు. అంత బలంగా కూడా కొట్టలేదు. గోల్‌కీపర్ ఉన్నచోటే ఉండిపోయాడు. 2-1, ప్రపంచకప్ వాళ్లది.

ఈ గోలే ఎందుకంటున్నానంటే మన దగ్గర గ్రౌండ్లలో గడ్డి ఎక్కడిది, అంతా గట్టి మొరం. బంతి ఎటు లేస్తుందో తెలియదు, ఎంత బాగా ఆడేవాడికైనా ఫస్ట్ టచ్ చెడుతుంది. టచ్ చెడగానే మన పిల్లలు నిలబడిపోయి తల పట్టుకుంటారు. టచ్ చెడ్డాక కూడా గోల్ ఉంటుందని వాళ్లకు తెలియాలి.

ఓరుగల్లు నంబర్ 9:

పెద్దన్నా, ముల్లర్ అంటే గౌరవమే. కానీ ఇప్పటి డిఫెండర్ల వేగం వేరు, వీడియోలు పెట్టుకుని ఒక్కొక్క స్ట్రైకర్‌ను చదివి వస్తున్నారు. అట్లాంటి కాలంలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు వచ్చిన మొదటి సీజన్‌లోనే, 2022-23లో, హాలండ్ 35 మ్యాచ్‌లకు 36 గోల్స్ కొట్టాడు. అంతకుముందు రికార్డు 34, ఆండీ కోల్, అలన్ షియరర్ ఇద్దరిదీ, వాళ్ల రోజుల్లో సీజన్‌కు 42 మ్యాచ్‌లుండేవి. అదే ఏడాది యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్‌లో ఆర్‌బీ లైప్జిగ్ మీద 5 గోల్స్ కొట్టాడు, గంట దాటిన కాసేపటికే కోచ్ అతన్ని బయటికి పిలిచాడు గానీ లేకపోతే ఇంకెన్ని కొట్టేవాడో. ఛాంపియన్స్ లీగ్‌లో 50 గోల్స్‌కు అతనికి పట్టినవి 49 మ్యాచ్‌లు, ఇంత తొందరగా ఇంకెవరూ చేరలేదు.

అన్నా, అందరూ అతని పొడుగు, బలం గురించే మాట్లాడతారు. పిల్లలకు చూపించాల్సింది అది కాదు, ఆ శరీరం నేర్పిస్తే వచ్చేది కాదు. పక్క నుంచి క్రాస్ (బాక్స్‌లోకి వేసే పాస్) వచ్చే ముందు అతని కాళ్లు చూడమనండి. ముందు డిఫెండర్ కళ్ల ముందు దగ్గరి పోస్ట్ వైపు ఒకటి రెండు అడుగులు వేస్తాడు, డిఫెండర్ అటు కదలగానే అతని వీపు వెనక నుంచి దూరపు పోస్ట్‌కు జారుకుంటాడు. ఒక్కోసారి తిరగేసి చేస్తాడు. డిఫెండర్ బంతినీ మనిషినీ ఒకేసారి చూడలేడు కదా, బంతి వైపు తల తిప్పిన ఆ క్షణం కోసమే హాలండ్ ఎదురుచూస్తాడు. బాల్ మన దగ్గరికి వచ్చాక చేసేది చాలా తక్కువ, 2022 ఆగస్టులో బోర్న్‌మత్ మీద ఆడినంతసేపూ బంతిని ముట్టింది 8 సార్లే. మిగతా టైమంతా ఏం చేస్తున్నాడో ఒకసారి పిల్లలతో పెన్నూ పేపరూ ఇచ్చి రాయించండి.

కరీంనగర్ లెక్కలు:

గోల్స్ సంఖ్య ఒక్కటే పట్టుకుంటే మోసపోతాం. ముందు పెనాల్టీలు తీసేయండి. హాలండ్ కొట్టిన ఆ 36లో 7 పెనాల్టీలు, తీసేస్తే 35 మ్యాచ్‌లకు 29. ఆండీ కోల్ 1993-94లో న్యూకాసిల్‌కు 40 మ్యాచ్‌లు ఆడి 34 కొట్టాడు, అందులో పెనాల్టీ ఒక్కటీ లేదు. అంటే మ్యాచ్‌కు కోల్ 0.85, హాలండ్ 0.83. రికార్డు పుస్తకంలో హాలండ్ పైన ఉంటాడు, ఆటలోంచి వచ్చిన గోల్స్‌లో కోల్ వెంట్రుకవాసి పైన. షియరర్ 34లో 10 పెనాల్టీలు. కోల్ ప్రీమియర్ లీగ్ మొత్తం మీద కొట్టిన 187 గోల్స్‌లో పెనాల్టీ ఒకే ఒక్కటి, అయినా ఈ తరంలో అతని పేరెత్తేవాళ్లే లేరు. నాకు అది అన్యాయమనిపిస్తుంది.

పెనాల్టీ కొట్టడం తేలికని నేననడం లేదు. కానీ నాలుగింట మూడు గోల్ అయ్యే ఛాన్స్ అది, దాన్ని ఎవరు కొట్టాలన్నది కోచ్ నిర్ణయం. స్ట్రైకర్ తెలివిని కొలవాలంటే ఆటలోంచి వచ్చినవే లెక్క.

రెండోది మ్యాచ్‌ల సంఖ్య. బుండెస్‌లీగాలో సీజన్‌కు 34 మ్యాచ్‌లే, ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో 38. ముల్లర్ 1971-72లో 34 మ్యాచ్‌లకు 40 కొట్టాడు. ఆ రికార్డు దాదాపు యాభై ఏళ్లు ఎవరికీ అందలేదు. 2020-21లో లెవండోవ్‌స్కీ మోకాలి దెబ్బతో కొన్ని మ్యాచ్‌లు ఆడకుండానే 29 మ్యాచ్‌లకు 41 కొట్టాడు, ఆ 41వది సీజన్ చివరి రోజు ఆగ్స్‌బర్గ్ మీద, మ్యాచ్ 90వ నిమిషంలో. అంతకుముందు వారం 40వ గోల్ కొట్టాక జెర్సీ ఎత్తి లోపలి బనియన్ మీద ముల్లర్ బొమ్మ చూపించాడు. అదే ఏడాది ఆగస్టులో ముల్లర్ కన్నుమూశాడు. పెనాల్టీలు కలుపుకున్నా, తీసేసినా మ్యాచ్‌కు సగటు చూస్తే ఆ ఒక్క సీజన్‌కు సాటి వచ్చేవి చాలా తక్కువ. నా ఓటు లెవండోవ్‌స్కీకి.

మంచిర్యాల మిడ్‌ఫీల్డ్:

ఎంబాపే పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 2024-25లో స్పెయిన్ లీగ్ లా లిగాలో 31 గోల్స్, యూరప్ గోల్డెన్ షూ అతనిదే. ప్రపంచకప్ ఫైనల్లో హ్యాట్రిక్.

కరీంనగర్ లెక్కలు:

ఎంబాపే గొప్పోడే, కానీ ఆడుతూ పెరిగింది ఎడమ పక్కన. ఇప్పటికీ అటే జారుతుంటాడు. కోచ్ అన్న అడిగింది బాక్స్ మనిషి గురించి.

గోదావరిఖని గోల్‌కీపర్:

అందరూ స్ట్రైకర్ వైపు నుంచే చూస్తున్నారు, నేను వల ముందు నిలబడి చెప్తా. కోల్‌బెల్ట్‌లో గ్రౌండ్లలో ఏళ్లపాటు కీపింగ్ చేశాను. కీపర్‌కు బలంగా కొట్టేవాడితో భయం లేదు. కాలు వెనక్కి ఎత్తుతాడు కదా, అది చూసి మనం సర్దుకుంటాం. భయమంతా కాలు ఎత్తకుండా కొట్టేవాడితో. ఒక్క అడుగు దూరం నుంచి పాదం తిప్పి తోసేస్తాడు, మన బరువు ఇంకా రెండో కాలి మీదే ఉంటుంది.

లెవండోవ్‌స్కీ 2015 సెప్టెంబర్ 22న వోల్ఫ్స్‌బర్గ్ మీద కొట్టిన ఐదు గోల్స్ నా దృష్టిలో ప్రతి కీపర్ చూడాల్సిన పాఠం. అతను అప్పుడు ఆడుతున్న జర్మన్ క్లబ్ బయెర్న్ 0-1తో వెనకబడి ఉంది, అతను సెకండ్ హాఫ్‌లో దిగాడు, తొమ్మిది నిమిషాల లోపే ఐదు. ఐదోది గాల్లోకి లేచి, బంతి నేల తాకకముందే కొట్టిన వాలీ, అందరూ దాన్నే చూస్తారు. మిగతావాటిని కూడా చూడండి, ఏదీ ఆలోచించుకుని, ఆగి కొట్టింది కాదు. బంతి ఎక్కడ పడబోతుందో అక్కడికి శరీరం ముందే తిరిగి ఉంది.

ఇక హ్యారీ కేన్. ఇతన్ని వదిలేస్తే ఈ చర్చే పూర్తి కాదు. డిఫెండర్ అడ్డం వచ్చేదాకా ఆగి, అతని కాళ్ల సందులోంచో పక్క నుంచో కొడతాడు. అప్పుడు డిఫెండరే కీపర్‌కు అడ్డం తెర అవుతాడు, బంతి బయటపడేసరికి మన నుంచి నాలుగైదు గజాల దూరంలో ఉంటుంది. ఏమీ చేయలేం. టాటెన్‌హామ్‌కు 280 గోల్స్, ఇంగ్లండ్ జట్టుకు అందరికన్నా ఎక్కువ, బయెర్న్‌కు వెళ్లిన మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 36. అంతేకాదు, 2020-21లో ప్రీమియర్ లీగ్‌లో ఎక్కువ గోల్సూ అతనివే, ఎక్కువ అసిస్టులూ (గోల్‌కు ముందు ఇచ్చే పాస్‌లు) అతనివే. వెనక్కి వచ్చి బంతి తీసుకుని ఇతరులకు పాస్ ఇస్తాడు. పిల్లలకు ఎవరో ఒక్కరినే చూపించాలంటే నేను కేన్‌నే చూపిస్తా. అంత వేగమున్నవాడు కాదు, కాబట్టి మన పిల్లలు చూసి నేర్చుకోవడానికి అతని దగ్గర ఎక్కువ దొరుకుతుంది.

హన్మకొండ కోచ్:

అందరికీ చాలా థాంక్స్. కాళ్లను చూడమన్నది, పేపర్ మీద రాయించమన్నది రేపే మొదలుపెడతా. ఒక డౌట్ మాత్రం మిగిలింది. కేన్‌లా వెనక్కి రమ్మంటే మా పిల్లలు అందరూ వెనక్కే వచ్చేస్తారు, బాక్స్ ఖాళీ అవుతుంది. వాళ్లకు ముందు బాక్స్‌లో ఉండటమే నేర్పాలా? ఇంకోటి, డిఫెన్స్‌లో ఆడేవాళ్లకు స్ట్రైకర్ పని నేర్పించడం వేస్ట్ అని ఒక తోటి కోచ్ అంటున్నాడు. మీరేమంటారు?

కాజీపేట పాత ప్లేయర్:

తమ్మీ, ఆ మాట వినకు. యూరప్ దాకా ఎందుకు, అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ ఏం చేశాడో చూడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని వెనక ఆడించకుండా రహీం సాబ్ సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనవాళ్లు 2-1తో గెలిచారు, ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది అదే జర్నైల్ సింగ్‌ది. స్ట్రైకర్ ఎక్కడికి పోవాలనుకుంటాడో డిఫెండర్‌కు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఇద్దరినీ రెండు పనులూ చేయించు. వారానికొకసారి తిరగేసి ఆడించు, డిఫెన్స్ వాడు ముందు, స్ట్రైకర్ వెనక.

ఓరుగల్లు నంబర్ 9:

ముందు బాక్సే అన్నా. వెనక్కి రావడం తర్వాత నేర్పొచ్చు. ఒకటి చేసి చూడండి. పక్క నుంచి ఒకడు క్రాస్ వేస్తాడు, లోపల ఒక డిఫెండర్, ఒక స్ట్రైకర్. రూల్ ఏంటంటే స్ట్రైకర్ ఒక్క టచ్‌లోనే కొట్టాలి, రెండో టచ్ తీసుకుంటే గోల్ లెక్కలోకి రాదు. మొదట్లో అన్నీ బయటికి పోతాయి, విసుగొస్తుంది, ఆపకండి. ఒక్క టచ్‌కే ఛాన్స్ అనేసరికి ముందే సరైన చోటికి చేరకపోతే పని కాదని వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది. బంతి వెంట గుంపుగా ఉరకడం కూడా దాంతోనే తగ్గుతుంది. మా సీనియర్లు మాతో చేయించింది ఇదే.

గోదావరిఖని గోల్‌కీపర్:

ఇది బాగుంది. కానీ వలలో కీపర్ లేకుండా చేయించొద్దు. ఖాళీ వలలో కొట్టడం అలవాటైతే పిల్లలు మధ్యలోకే కొడతారు, మ్యాచ్‌లో సరిగ్గా కీపర్ చేతుల్లోకి పోతుంది. చిన్నోడైనా సరే, ఒకణ్ణి నిలబెట్టండి.

హన్మకొండ కోచ్:

మా దగ్గర కీపింగ్ నేర్పేవాళ్లే లేరన్నా, అదే పెద్ద కొరత. ఎవర్ని నిలబెట్టినా బంతి రాగానే మొహం పక్కకు తిప్పుకుంటున్నారు. ఎప్పుడైనా ఆదివారం ఇటు రాగలిగితే పొద్దున ఆరింటికల్లా జెఎన్ఎస్ స్టేడియం గేట్ దగ్గర ఉంటాం. నంబర్ 9 తమ్ముడూ, నువ్వు కూడా రా, ఆ క్రాస్‌లు నువ్వే వేద్దువు.

గోదావరిఖని గోల్‌కీపర్:

వచ్చే ఆదివారం హన్మకొండలో చుట్టాల ఇంట్లో ఫంక్షన్ ఉంది, ముందు రోజు రాత్రికే దిగుతా. నా పాత గ్లవ్స్ రెండు జతలున్నాయి, పిల్లలకు కాస్త వదులవుతాయేమో గానీ తెస్తా.