తుక్కు టైటానియంతో రాకెట్ పార్టులా? బాలానగర్ నుంచి ఒక డౌటు

బాలానగర్_లేత్:
మాది చిన్న జాబ్ వర్క్ షాపు, మూడు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే కోత మెషీన్లు). పది కిలోల టైటానియం దిమ్మ ఎక్కిస్తే ఒక్కోసారి చేతికొచ్చే పార్టు కిలో కూడా ఉండదు, మిగతాదంతా చిప్స్ (కోతలో రాలే సన్న ముక్కలు) అయ్యి డ్రమ్ములో పడుతుంది. నెలకోసారి తుక్కు అతను వచ్చి కాటా వేసి పట్టుకుపోతాడు. అమెరికాలో 6కె అనే కంపెనీ ఇలాంటి చిప్స్‌నే ప్లాస్మాలో కరిగించి 3డి ప్రింటింగ్ పౌడర్ చేస్తోందట. ఇక్కడ ప్రత్యేక లోహాలు చేసే మిధాని ఉంది, రక్షణ లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ ఉంది, బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ (లోహపు పొడితో వస్తువులు చేయడం) మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ ఉంది, రాకెట్ కంపెనీ స్కైరూట్ వాళ్లు ఇంజిన్లు ప్రింట్ చేస్తున్నారు. మరి మన చిప్స్‌తో మనమే ఎందుకు చేసుకోకూడదు? అడిగితే అందరూ భయపడతారే తప్ప ఎందుకో చెప్పరు.

కంచన్‌బాగ్_రిటైర్డ్:
నేను చెప్తా. 1989 జులై 19, అమెరికాలోని సూ సిటీ. డీసీ-10 విమానం తోక ఇంజిన్‌లో టైటానియం ఫ్యాన్ డిస్క్ గాల్లోనే పగిలింది, విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి, 112 మంది చనిపోయారు. మూలం ఏమిటయ్యా అంటే, లోహం కరిగించినప్పుడు నత్రజని పట్టి మిగిలిపోయిన చిన్న గట్టి మచ్చ. అది తుక్కు వల్ల వచ్చిందని నేను అనట్లేదు. దిమ్మలో ఇసుక రేణువంత లోపం ఏళ్ల తరబడి దాక్కోగలదని అంటున్నా. ఇక నీ చిప్స్ సంగతి: గ్రేడ్ 5 టైటానియంలో ఆక్సిజన్ 0.20 శాతం దాటకూడదు, దానికంటే శుద్ధమైన గ్రేడ్ 23లో అయితే 0.13, దాటితే లోహం పెళుసవుతుంది. కోత వేడికి నీలంగా మారిన చిప్ అప్పటికే ఆక్సిజన్ తాగేసి ఉంటుంది, దాన్ని వాక్యూమ్‌లో ఎన్నిసార్లు కరిగించినా ఆ ఆక్సిజన్ బయటికి రాదు.

పౌడర్_బెడ్_పిల్ల:
అంకుల్, అంత భయపెట్టకండి 😄 టైటానియం మిల్లులు దశాబ్దాలుగా ఇంగాట్‌లో (పోతపోసిన దిమ్మలో) తుక్కు కలుపుతూనే ఉన్నాయి కదా, కొత్త స్పాంజ్ (ఖనిజం నుంచి తీసిన ముడి టైటానియం) పోసి ఆక్సిజన్ లెక్క సరిచేసుకుంటాయి. నేను రోజూ 3డి ప్రింటర్ దగ్గరే ఉంటాను. ఒక బిల్డ్‌లో (ఒకసారి ప్రింట్ చేసినప్పుడు) కరగకుండా మిగిలిన పౌడర్‌ని జల్లించి మళ్లీ అదే మెషీన్‌లో పోస్తాం, ప్రతిసారీ దాని ఆక్సిజన్ కొంచెం పెరుగుతుంది, దాని గురించి ఎవరూ గొడవ చేయరు. పౌడర్ ఎక్కడ పుట్టిందని కాదు, టెస్టులో ఏం తేలిందని అడగాలి.

కంచన్‌బాగ్_రిటైర్డ్:
అమ్మాయ్, మిల్లులో తుక్కు కలపడం వేరు. అక్కడ కోల్డ్ హార్త్‌లో (నీళ్లతో చల్లబరిచే రాగి తొట్టిలో) కరిగిన లోహం మడుగులా నిలుస్తుంది, కోత టూల్ నుంచి విరిగిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఉంటే బరువుకి అడుక్కి దిగిపోతుంది. టైటానియం సాంద్రత 4.5, దానిది దాదాపు 15. చిప్‌ని పొడి చేసి నేరుగా ప్లాస్మాలోంచి పంపితే ఆ మడుగు ఎక్కడుంది? నువ్వు వాడేది 15 నుంచి 45 మైక్రాన్ల పౌడర్. అంతే సైజు కార్బైడ్ రవ్వ మీ జల్లెడలోంచి హాయిగా దిగిపోతుంది. శాంపిల్ టెస్టుకి పంపే చెంచాడులో అది పడకపోతే నీ కాగితం మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

బాలానగర్_లేత్:
ఇది చదివాక ఊరుకోలేక కిందికెళ్లి సగం బకెట్ చిప్స్ ట్రేలో బోర్లించా. నిజం చెప్తున్నా: విరిగిన ఇన్సర్ట్ (కోత టూల్ చివరి కార్బైడ్ బిళ్ల) మూలలు రెండు, అల్యూమినియం చుట్ట ఒకటి, ఎవరో నలిపి పడేసిన టీ కప్పు, అన్నిటికీ కూలెంట్ జిడ్డు. పాత స్పీకర్ అయస్కాంతం తిప్పితే ఇన్సర్ట్ ముక్కలు రెండూ అంటుకున్నాయి, కార్బైడ్‌లో కోబాల్ట్ ఉంటుంది కదా. టైటానియం కదల్లేదు. అంటే ఏరొచ్చన్నమాటే!

కంచన్‌బాగ్_రిటైర్డ్:
కంటికి కనబడిన ముక్కలు ఏరావు. జిడ్డులో ఇరుక్కున్న రవ్వలు?

చర్లపల్లి_తుక్కు:
నేను కొనేవాణ్ణి, నా మాట కూడా వినండి. మా దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఉంది, గురిపెడితే ఏ అల్లాయో చెప్తుంది కానీ ఆక్సిజన్ మాత్రం చెప్పలేదు. వేరు చేసి ఇస్తే రేటు ఎక్కువిస్తామని ఎన్నేళ్లుగా చెప్తున్నా అందరూ కలిపే పోస్తారు. ఇంకోటి, సన్న టైటానియం చిప్స్ డ్రమ్ము ఒకసారి అంటుకుంది, మా కుర్రాడు నీళ్లు కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి పొడి ఇసుక పోయించా. నీళ్లు పడితే ఇంకా రేగేది. ప్లాంటు పెడతాననేవాళ్లు ముందు ఆ డ్రమ్ములు ఎక్కడ పెడతారో ఆలోచించుకోండి.

పౌడర్_బెడ్_పిల్ల:
సరే అంకుల్, డైరెక్ట్ ప్లాస్మా సంగతిలో మీదే పైచేయి. కానీ నికెల్ మాటేమిటి? ఇంకొనెల్ 718 అనే నికెల్ అల్లాయ్ అయితే వాక్యూమ్ ఇండక్షన్ ఫర్నేస్‌లో ఆక్సిజన్ చాలావరకు వదిలిపోతుంది, కరిగించి ఆర్గాన్ గ్యాస్‌తో చిమ్మితే పౌడర్ వస్తుంది. ముందు దానితో మొదలుపెట్టి, తిరిగే డిస్కుల జోలికి పోకుండా బ్రాకెట్లు, టూలింగ్ చేయొచ్చు కదా?

కంచన్‌బాగ్_రిటైర్డ్:
దానికి ఒప్పుకుంటా. కటింగ్ ఆయిల్‌లోని గంధకం బాగా కడిగితేనే సుమా, నికెల్‌కి అది విషం. పైగా ఏ చిప్ ఏ హీట్ నంబరు (ఒకేసారి కరిగించి పోసిన లోహానికి మిల్లు ఇచ్చే నంబరు) బార్‌ది అనే చీటీ డ్రమ్ముతో పాటే నడవాలి. పదివేల డిగ్రీల ప్లాస్మా ఎవరైనా కొంటారు, ఆ చీటీ ఎవరు రాస్తారు?

బాలానగర్_లేత్:
సోమవారం నుంచి మూడో మెషీన్ మీద ఇంకొనెల్ తప్ప ఇంకేం ఎక్కించను. డ్రమ్ముకి మూత, మూత మీద హీట్ నంబరు. ఇప్పుడే ఆపరేటర్‌కి చెప్పా. అంతా విని, “మరి టీ కప్పు ఎక్కడ పడెయ్యాలి అన్నా?” అన్నాడు.