హై ఐడిల్‌కు మొదటి చికిత్స థ్రాటిల్ బాడీ కడగడమేనా?

ఖమ్మం పెట్రోల్:
నాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ప్లేటుతో అదుపు చేసే థ్రాటిల్ కేబుల్‌తో నడుస్తుంది; ఆ గాలిని సిలిండర్లకు పంచే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా ఐడిల్, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం, న్యూట్రల్‌లో 1450 ఆర్‌పీఎం దగ్గర నిలుస్తోంది. ఒక్కోసారి 1200కూ 1800కూ మధ్య ఊగుతోంది. ఏసీ ఆపినా మార్పు లేదు. చూపించిన రెండు షెడ్లలోనూ థ్రాటిల్ బాడీ విప్పి కడగాలని, అప్పటికీ తగ్గకపోతే థ్రాటిల్ మూసుకున్నప్పుడు పక్క దారిన గాలినిచ్చే ఐడిల్ వాల్వు మార్చాలని చెప్పారు. లోపం ఎక్కడుందో చూడకుండా కడగడంతో మొదలుపెట్టడం సరైన పద్ధతేనా అన్నది నా ప్రశ్న.

ఆటోనగర్ షెడ్డు:
సరైన పద్ధతేనండి. కేబుల్ థ్రాటిల్ ఉన్న కార్లలో కొన్నేళ్లకు ప్లేటు అంచు చుట్టూ కార్బన్ గట్టు కడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ప్లేటు ఆ గట్టు మీద ఆగిపోయి పూర్తిగా మూసుకోదు. ఐడిల్ వాల్వు సూది కూడా మసి పట్టి తెరిచిన చోటే బిగుసుకుపోతుంది. ఈ రెండూ నేను తరచుగా చూస్తున్నవే. కడగడానికి గంట పని, ఒక డబ్బా క్లీనర్ ఖర్చు. పైగా ఎలాగూ చేయించవలసిన పనే. మీటర్లు పెట్టి గంటల తరబడి వెతికితే ఆ సమయానికి కూలి ఎవరిస్తారు? చవకగా అయ్యే పనిని ముందు చేసి, తగ్గకపోతే తరువాతి దానికి వెళ్లడంలో తప్పేమీ లేదు.

ఇంజిన్ పాఠాలు:
ఆటోనగర్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఆ వరుసను నేను అంగీకరించలేకపోతున్నాను.

పెట్రోల్ ఇంజిన్ వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా లోపలికి వెళ్లే గాలి. గాలి ఎంత వెళితే దానికి తగినంత పెట్రోలును ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్) ఇంజెక్టర్ల ద్వారా కలుపుతుంది. కాబట్టి వేడెక్కిన ఇంజిన్ 800 దగ్గర ఉండవలసింది 1450 దగ్గర ఉందంటే, అవసరానికి మించిన గాలి ఎక్కడి నుంచో లోపలికి పోతోందన్నమాట. దానికి మూడే దారులున్నాయి: పూర్తిగా మూసుకోని థ్రాటిల్ ప్లేటు, తెరుచుకుని ఉన్న ఐడిల్ వాల్వు, లేదా థ్రాటిల్ దాటిన తరువాత మ్యానిఫోల్డ్‌లోనో దాని హోసులలోనో ఉన్న వ్యాక్యూమ్ లీకు, అంటే బయటి గాలిని లోపలికి పీల్చే సందు. మామూలుగా పట్టే కార్బన్ గాలి సందును మూసేస్తుంది తప్ప పెంచదు. దాని వల్ల ఐడిల్ పడిపోవడం, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం జరుగుతాయి. అంటే థ్రాటిల్ కడగడం ఎక్కువగా తక్కువ ఐడిల్‌కు పనికొచ్చే చికిత్స. ఆటోనగర్ గారు చెప్పిన గట్టు కట్టడం, సూది బిగుసుకోవడం నిజంగా జరిగేవే. అయితే అవి ఉన్నాయో లేవో విప్పకముందే తెలుసుకునే మార్గం ఉంది.

ఊగడానికి కూడా కారణం చెప్పవచ్చు. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా ఇంజిన్ వేగం ఒక హద్దు దాటితే, బండి వాలులో దిగుతోందనుకుని ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ ఇస్తుంది. అదనపు గాలి ఉన్నంతకాలం ఈ ఎక్కడం, దిగడం సాగుతూనే ఉంటుంది. దీన్ని ఐడిల్ వాల్వు లోపమనుకుని వాల్వు మార్పించినవారు చాలామంది ఉన్నారు.

ఖమ్మం గారూ, మన దేశంలో 2013 ఏప్రిల్ తరువాతి కార్లలో ఓబీడీ-2, అంటే ఈసీయూ రీడింగులను బయటికిచ్చే వ్యవస్థ, ఉంది కనుక చవకైన బ్లూటూత్ రీడరు కూడా మీ బండికి పనిచేయాలి. ఇంజిన్ వేడిగా ఉండగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, మ్యాప్ ఒత్తిడి, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలులో చేస్తున్న సవరణ శాతం), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) చూసి ఇక్కడ రాయండి. ముందు చూడవలసింది కూలెంట్ ఉష్ణోగ్రత. ఆ సెన్సరు నిరోధం 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటుంది. చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ కనుక, సెన్సరు కనెక్టరు తుప్పు పట్టి నిరోధం పెరిగితే ఇంజిన్ చల్లగా ఉందని ఈసీయూ భ్రమపడి తానే ఐడిల్ పెంచుతుంది. అప్పుడు థ్రాటిల్‌ను ఎంత కడిగినా ఫలితం ఉండదు.

గ్యాస్ కిట్:
నాది ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండి. సర్వీసులో అడక్కుండానే కడిగారు. అంతవరకు బాగున్న ఐడిల్ ఆ సాయంత్రం నుంచి 1300 అయింది. ఇది కూడా చర్చలో పెట్టవలసిన విషయమనిపించి రాస్తున్నాను.

ఇంజిన్ పాఠాలు:
అది ఊహించదగినదే. మసి పేరుకున్నకొద్దీ ఈసీయూ ప్లేటును మరికాస్త తెరిచి ఉంచడం అలవాటు చేసుకుంటుంది. మసి పోయినా జ్ఞాపకంలో ఉన్నది పాత కొలతే కాబట్టి గాలి ఎక్కువవుతుంది. స్కానరుతో ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకు కొత్త కొలత నేర్పడం) చేయిస్తే సర్దుకుంటుంది. కొన్ని బండ్లు కొంత దూరం నడిచాక వాటంతటవే సర్దుకుంటాయి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ ప్లేటును వేలితో నెట్టకూడదు, లోపలి గేర్లు దెబ్బతింటాయి. మీ పేరును బట్టి గ్యాస్ కిట్ ఉందనుకుంటున్నాను. సీక్వెన్షియల్ కిట్ అయితే మ్యానిఫోల్డ్‌కు రంధ్రాలు వేసి నాజిల్స్ బిగిస్తారు. రీలెర్న్ తరువాత కూడా తగ్గకపోతే వాటి మొదళ్ల దగ్గర గాలి లీకవుతోందేమో చూపించండి.

ఆటోనగర్ షెడ్డు:
ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు రీలెర్న్ తప్పనిసరి, అది చేయకుండా బండి అప్పగించడం తప్పే. అయితే వ్యాక్యూమ్ లీకు ఉంటే మిశ్రమం పలచబడి, ట్రిమ్ ప్లస్ 20 దాటి, చెక్ ఇంజిన్ లైటు వెలగాలి కదా? ఖమ్మం గారు లైటు గురించి ఏమీ చెప్పలేదు. లైటు లేనప్పుడు లీకును ఎందుకు అనుమానించాలి?

ఇంజిన్ పాఠాలు:
ఈ ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారని నా అభిప్రాయం, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మీరు చెప్పింది లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచే మాఫ్ సెన్సరు ఉన్న బండ్ల విషయంలో నిజం. మాఫ్ సెన్సరు థ్రాటిల్‌కు ముందు, గాలి గొట్టంలో ఉంటుంది. దాన్ని దాటాక లీకు నుంచి దూరిన గాలిని అది లెక్కించలేదు. లెక్కలోకి రాని గాలికి పెట్రోలు పడదు, మిశ్రమం పలచబడుతుంది, ట్రిమ్ పెరిగి, మిశ్రమం పలచగా ఉందన్న పీ0171 కోడ్ వస్తుంది. మ్యాప్ సెన్సరు బండిలో జరిగేది వేరు. లీకు గాలి వల్ల మ్యానిఫోల్డ్ ఒత్తిడి పెరిగితే సెన్సరు ఆ పెరుగుదలను చూస్తుంది, ఈసీయూ దానికి తగిన పెట్రోలు కూడా ఇస్తుంది. మిశ్రమం సరిగ్గానే ఉంటుంది, ట్రిమ్ సున్నా చుట్టుపక్కలే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం రేసవుతుంది. అందువల్ల ఈ బండ్లలో ట్రిమ్ బాగుందని లీకు లేదని తేల్చకూడదు. కోడ్ వస్తే పీ0507, అంటే ఐడిల్ ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉందన్న కోడ్ రావచ్చు. అది కూడా లోపం చోటును చెప్పదు.

ఖమ్మం పెట్రోల్:
రీడింగులు ఇవి: కూలెంట్ 88 డిగ్రీలు, మ్యాప్ 46 కిలోపాస్కల్, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 3, టైమింగ్ మైనస్ 1 డిగ్రీ. కోడ్‌లు లేవు.

ఇంజిన్ పాఠాలు:
చక్కగా తీశారు. కూలెంట్ సెన్సరు మీద అనుమానం తీరిపోయింది. వేడి ఇంజిన్‌కు ఐడిల్‌లో మ్యాప్ సుమారు 30 నుంచి 35 ఉండాలి, మీది 46. టైమింగ్ మైనస్‌కు పోవడం ముఖ్యమైన ఆధారం: ఈసీయూ తాను కావాలని ఐడిల్ పెంచడం లేదు, పైగా స్పార్కును ఆలస్యం చేసి వేగాన్ని అణచాలని చూస్తోంది. అంటే గాలి దాని అదుపులో లేదు.

ఇక దారి తేల్చడానికి ఫిల్టరు నుంచి వచ్చే గొట్టాన్ని థ్రాటిల్ దగ్గర ఊడదీసి, ఇంజిన్ నడుస్తుండగా ఆ మూతిని మందపాటి రబ్బరు షీటు అంటించిన చిన్న చెక్కతో మూయండి. చున్నీ, వదులు చొక్కా, వేళ్లు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆగిపోతే గాలి వస్తున్నది ప్లేటు పక్కనుంచో ఐడిల్ వాల్వు నుంచో. అప్పుడు ఆటోనగర్ గారి మాటే నెగ్గుతుంది, కడిగించండి. నడుస్తూనే ఉంటే లీకు థ్రాటిల్‌కు వెనుక ఉంది. అప్పుడు బ్రేక్ బూస్టరు హోసు, పీసీవీ హోసు (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని మ్యానిఫోల్డ్‌కు చేర్చేది), పర్జ్ వాల్వు హోసు (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని చేర్చేది), వీటిని ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన పటకారుతో నొక్కి చూడండి. వేడి మ్యానిఫోల్డ్ మీద క్లీనర్ చల్లి లీకు వెతికే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, దానికి మంటలంటుకునే ప్రమాదం ఉంది, వద్దు. థ్రాటిల్ ఆపు స్క్రూను కూడా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. దాన్ని తిప్పితే ప్లేటు మూసిన స్థానమే మారిపోయి, తరువాత ఏ కొలతనూ నమ్మలేం.

ఖమ్మం పెట్రోల్:
మూతి మూసినా ఇంజిన్ ఆగలేదు, వెయ్యి దగ్గర నడుస్తూనే ఉంది. బ్రేకు హోసు నొక్కితే మార్పు లేదు. పీసీవీ హోసును మ్యానిఫోల్డ్ దగ్గర నొక్కగానే ఆర్‌పీఎం 850కి దిగింది. హోసు ఊడదీసి చూస్తే వంపు అడుగుభాగంలో, పై నుంచి కనబడని చోట, అంగుళమంత పగులు ఉంది. అక్కడ రబ్బరు ఆయిల్‌కు నాని మెత్తబడింది. చేతితో వంచితే నోరు తెరిచినట్టు విచ్చుకుంటోంది.

ఇంజిన్ పాఠాలు:
నీళ్ల హోసు ముక్క తొడగకండి, అది ఆయిల్‌కు తట్టుకోదు. ఆయిల్ ఆవిరికీ వ్యాక్యూముకూ పనికొచ్చే హోసునే వేయించండి. పీసీవీ వాల్వును ఊపి చూడండి, లోపల టకటకమని కదలాలి.

ఆటోనగర్ షెడ్డు:
ఈ బండిలో లోపం హోసుదే, సందేహం లేదు. అయినా ఆ హోసు ద్వారా పోయిన ఆయిల్ ఆవిరి మ్యానిఫోల్డ్‌లో మసి చేసి ఉంటుంది కాబట్టి థ్రాటిల్ కూడా కడిగించమనే చెబుతాను. నాకు మిగిలిన ఇబ్బంది కూలి గురించి. చెక్కతో మూసి, హోసులు నొక్కి చూసిన అరగంటకు డబ్బు అడిగితే «ఏం మార్చావని ఇవ్వాలి?» అంటారు. వస్తువు మార్చితేనే పని జరిగిందని నమ్మేవారు ఎక్కువ.

ఇంజిన్ పాఠాలు:
కడగడాన్ని నిర్వహణ పనిగా చేయండి, బిల్లులో కూడా అలాగే వేరుగా రాయండి; హై ఐడిల్‌కు మందుగా రాయకండి. కూలి విషయంలో మీ వైపే ఉన్నాను. చూసినందుకు ఇంత అని బండి తీసుకునే ముందే చెప్పి, రీడింగుల ఫోటో యజమానికి ఇస్తే, అనవసరమైన వాల్వు ఖర్చు తప్పిందని ఆయనకు కాగితం మీద కనబడుతుంది. ఆ డబ్బు ఇవ్వడం యజమాని బాధ్యత కూడా.

ఆటోనగర్ షెడ్డు:
కేబుల్ థ్రాటిల్, మ్యాప్ సెన్సరు బండ్లకు చెక్క పరీక్ష ముందు పెడతాను, అది అయిదు నిమిషాల పనే. మాఫ్ బండ్లలో గొట్టం ఊడదీస్తే ఇంజిన్ సరిగా నడవదు కాబట్టి వాటికి లోపలికి పొగ ఎక్కించి లీకును చూపే పొగ యంత్రం కావాలి. అది మా వరుసలో ఒక్క షెడ్డులోనే ఉంది. అది దొరకని చోట ముందు కడగడమే నా పద్ధతి.